తడి ఆరే వేళ – పిచికారీ సౌరఘటాల కథ



నా దగ్గర పదో తరగతి వరకు చదువుకున్న పిల్లవాడొకడు విదేశంలో రసాయనశాస్త్ర పరిశోధన చేస్తున్నాడు. పిల్లవాడని నేనంటున్నానే గాని ముప్పై దాటినవాడు. సంక్రాంతికి ఇంటికి వచ్చి, అలవాటు తప్పకుండా నన్ను చూడవచ్చాడు. కుశలప్రశ్నలు అయిన తర్వాత "ఏం చేస్తున్నావు నాయనా?" అని అడిగాను.

"ప్లాస్టిక్ సౌరఘటాలండి మాస్టారూ. వాటిని పిచికారీ చేసి తయారుచేస్తాం" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు అతని ముఖంలో ఉత్సాహం కనిపించలేదు. కాస్త ఆగి తనే చెప్పుకొచ్చాడు. "మా ప్రయోగశాలలో గిరగిర తిప్పి చేసిన ముక్కకు 13 శాతం దక్షత వస్తే, నా పిచికారీ ముక్కకు 9 రావడం గగనంగా ఉంది. మన వీధిలో కప్పు మీద పెట్టిన మామూలు సిలికాన్ పలక 20 ఇస్తోంది. దాని ధర కూడా పడిపోయింది. ఇంకెందుకండీ ఇది? మానేసి ఏదైనా ఉద్యోగం చూసుకుందామనుకుంటున్నాను."

నేను తెలుగు పండితుణ్ణి. అక్షరాల సంధులు తెలుసును గాని అర్ధవాహకాల సంధులు నాకేం తెలుసు? ఆ పూట ఏమీ చెప్పలేకపోయాను. అతడు వెళ్ళిన తర్వాత ఆ ప్రశ్న మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది. అతడు పంపిన వ్యాసాలు, నేను వెదికి తెచ్చుకున్నవి ముందు వేసుకుని రెండు నెలలు కూర్చున్నాను. శిష్యుడి ప్రశ్నకు ఆలస్యంగానైనా సమాధానం చెప్పడం గురువు బాధ్యత. ఆ సమాధానమే ఈ వ్యాసం. అతనితో పాటు మీరూ చదవండి.

ముందుగా రెండు మాటలు

ఇంగ్లీషువారి సెల్ అనే మాటకు మన పాఠ్యపుస్తకాలవారు "ఘటం" అన్నారు. ఘటమంటే కుండ. తొలినాటి విద్యుత్ ఘటాలు ఆమ్లం నింపిన జాడీలు కాబట్టి ఆ మాట అతికింది. సౌరఘటం మాత్రం దేనినీ నిలవచేయదు. వెలుగు పడుతున్నంతసేపు విద్యుత్తు ఇస్తుంది, నీడ పడగానే ఊరుకుంటుంది. ఆ లెక్కన దీనిని కడవ అనడం కంటె కవ్వం అనడం సమంజసం. అయినా రూఢి అయిన మాటను కదిలించడం నా అభిమతం కాదు.

రెండవ మాట దక్షత. ఘటం మీద 100 పాళ్ళ కాంతిశక్తి పడితే, అందులో ఎన్ని పాళ్ళు విద్యుత్తుగా మారి చేతికందుతాయో ఆ సంఖ్యే దక్షత. మా శిష్యుడి బెంగ అంతా ఈ సంఖ్య గురించే.

సిలికాన్ కంటె ముందు, సిలికాన్ తర్వాత

వెలుగు విద్యుత్తును పుట్టించగలదని 1839లో కనిపెట్టినవాడు ఫ్రాన్సు దేశస్థుడైన ఎడ్మండ్ బెకెరెల్. అప్పటికి అతని వయసు 19 ఏళ్ళు. 1876లో ఇంగ్లండులో ఆడమ్స్, డే అనే ఇద్దరు సెలీనియమనే ఘనపదార్థంలో అదే వింతను చూశారు. 1883లో అమెరికాలో చార్లెస్ ఫ్రిట్స్ సెలీనియం మీద పలుచని బంగారు రేకు వేసి ఘటాలు చేశాడు. వాటి దక్షత ఒక శాతానికి అటూ ఇటూ. 1954 ఏప్రిల్‌లో బెల్ ప్రయోగశాలలవారు చేపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు చేసిన సిలికాన్ ఘటాన్ని లోకానికి చూపించారు. దాని దక్షత సుమారు 6 శాతం. నాలుగేళ్ళు తిరగకుండానే, 1958లో, వాన్‌గార్డ్-1 ఉపగ్రహం సౌరఘటాలను ధరించి ఆకాశానికి ఎగిరింది.

సిలికాన్ సద్గుణసంపన్నమే గాని దాని పెంపకం బహు ఖరీదు. ఇసుకలో నుంచి దానిని తీయాలి, మలినం లేకుండా శుద్ధి చేయాలి, 1,400 డిగ్రీలకు పైబడిన వేడిలో కరిగించి స్ఫటికంగా పెంచాలి, ఆ తర్వాత పలుచని బిళ్ళలుగా కోయాలి. ఇంత శ్రమ లేకుండా, గోడకు సున్నం వేసినట్లు, తలుపుకు రంగు పూసినట్లు, సౌరఘటాన్ని పూయగలిగితే? పూతకు ద్రవం కావాలి. ద్రావకంలో కరగాలి, ఆరిన తర్వాత విద్యుత్తును కదలనివ్వాలి. అటువంటి పదార్థం ఉందా?

ప్లాస్టిక్కులో విద్యుత్తు

మన ఇళ్ళలో కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు వేసేది అది విద్యుత్తును పోనివ్వదని. అందుకే ఇక్కడ జరిగినది చదివి నేను నివ్వెరపోయాను.

1967లో టోక్యోలో హిడెకి షిరకావా అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో ఒక పొరపాటు జరిగింది. ఎసిటిలీన్ వాయువును పాలిమరుగా, అంటే చిన్న అణువులను గుదిగుచ్చిన పొడుగాటి దండగా మార్చేటప్పుడు, ఉత్ప్రేరకం కావలసినదానికంటె వేయి రెట్లు ఎక్కువ పడింది. నల్లని పొడి రావలసిన చోట వెండిలా మెరిసే పొర వచ్చింది. ఆ మెరుపు కథ విని అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ఆలన్ మెక్‌డయర్మిడ్ అతనిని తమ దగ్గరకు ఆహ్వానించాడు. అక్కడ భౌతికశాస్త్రవేత్త ఆలన్ హీగర్ కూడా కలిశాడు. 1976లో ఆ పొరకు అయోడిన్ ఆవిరి తగిలించేసరికి దాని వాహకత కోటి రెట్లు పెరిగింది. 1977లో ఆ సంగతి ప్రకటించారు. 2000లో ముగ్గురికీ రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

పొరపాటున వచ్చిన పొరను పారవేయకుండా దాచుకున్నవాడి వల్ల ఒక శాస్త్రం పుట్టింది. మా శిష్యుడు చేస్తున్న పనికి పునాది అదే.

సంధి కాని సంధి

విద్యుత్తును పోనిచ్చే ప్లాస్టిక్ దొరికింది కదా అని సౌరఘటం కాలేదు. ఎందుచేతనో చెప్పడానికి కొంచెం లోపలికి వెళ్ళాలి.

సిలికాన్‌పై వెలుగు పడితే ఎలక్ట్రాన్ వెంటనే స్వేచ్ఛ పొందుతుంది. పాలిమరులో అలా కాదు. లేచిన ఎలక్ట్రాన్ తాను విడిచివచ్చిన ఖాళీతో పెనవేసుకునే ఉంటుంది. ఈ జంటను ఎక్సైటాన్ అంటారు. దీని ఆయుర్దాయం సెకనులో నూరుకోట్లవ వంతుకు లోపే. ఆ కొద్ది కాలంలో అది నడవగలిగిన దూరం ఇంచుమించు 10 నానోమీటర్లు. నానోమీటరు అంటే మీటరులో నూరుకోట్లవ వంతు. ఈ లోపల జంటను విడదీసే రెండవ పదార్థం ఎదురుపడితే విద్యుత్తు, లేదంటే ఆ వెలుగు వృథా. మరోవైపు, పడిన వెలుగును పట్టుకోవాలంటే పొర మందం 100 నానోమీటర్లకు తగ్గకూడదు. వెలుగు కోసం పొర మందంగా ఉండాలి, జంట కోసం పలుచగా ఉండాలి. ఇదీ చిక్కు.

1986లో కొడాక్ సంస్థలో చింగ్ టాంగ్ రెండు సేంద్రియ పదార్థాలను ఒకదానిపై ఒకటి పొరలుగా వేసి సుమారు 1 శాతం దక్షత సాధించాడు. జంటలు ఆ రెండు పొరల సరిహద్దులో విడిపోయాయి. అయితే సరిహద్దుకు దూరంగా పుట్టిన జంటల గతి ఏమిటి? 1992లో కాలిఫోర్నియాలోని సాంటా బార్బరాలో సరిచిఫ్‌చి, హీగర్, వుడ్ల్ బృందం ఇంకొక మెట్టు ఎక్కింది. 1985లో కనుగొన్న, 60 కర్బన పరమాణువులతో బంతిలా ఉండే ఫుల్లరీన్ అణువును పాలిమరుకు తోడిచ్చి చూశారు. పాలిమరులో లేచిన ఎలక్ట్రాన్‌ను ఆ బంతి అతివేగంగా లాగుకుంది. 1995లో సాంటా బార్బరాలో హీగర్ బృందమూ, కేంబ్రిడ్జిలో మరొక బృందమూ ఇంచుమించు ఒకే ఆలోచన చేశాయి. రెండు పొరలు ఎందుకు? రెండు పదార్థాలనూ ఒకే ద్రావణంలో కలిపి పూస్తే పొర నిండా సరిహద్దులే కదా!

మన పాఠ్యపుస్తకాలు ఇటువంటి సరిహద్దును "సంధి" అంటాయి. వ్యాకరణం చెప్పినవాడిగా ఇక్కడ నాకొక అభ్యంతరం ఉంది. సంధిలో రెండు స్వరాలు కలిసి ఒకటవుతాయి. రామ, ఆలయము అనే రెండు మాటలు రామాలయమైనప్పుడు "మ"లోని అకారం ఎక్కడ ముగిసిందో చూపలేము. పాలిమరు, ఫుల్లరీన్ అలా ఒకటైపోతే జంటలు విడిపోతాయి గాని, విడిపోయిన ఎలక్ట్రాన్‌కు బయటకు పోయే దారి ఉండదు. పోనీ రెండు వేరు వాక్యాల్లా దూరంగా ఉంటే జంటలు దారిలోనే చచ్చిపోతాయి. ఇక్కడ కావలసినది ద్వంద్వసమాసం. రామలక్ష్మణులు అన్నప్పుడు ఇద్దరూ పక్కపక్కనే ఉంటారు, ఎవరి అర్థం వారిది. పాలిమరుకు తన దారి, ఫుల్లరీన్‌కు తన దారి ఉండాలి. రెండు దారులూ పది ఇరవై నానోమీటర్ల ఎడంలో అల్లుకుపోవాలి.

ఆ అల్లిక ఎవరు అల్లుతారు? అంత సన్నని పని మనిషి చేతికి లొంగదు. ద్రావణం ఆరేటప్పుడు ఆ పదార్థాలు తమంతట తామే అల్లుకోవాలి. అంటే ఘటం మంచిచెడులు తడి ఆరే వేళ నిర్ణయమవుతాయి. ఈ కథకు కీలకం ఇక్కడే ఉందని నాకు తోచింది.

ఆరడమనే విద్య

ప్రయోగశాలల్లో పొర వేసే పద్ధతి ఒకటుంది. గాజుపలక మీద ద్రావణం చుక్క వేసి, పలకను నిమిషానికి వేల చుట్లు తిప్పుతారు. గరిటె తిరిగే దోసె కాదిది, పెనమే తిరిగే దోసె. పొర చక్కగా, సమంగా వస్తుంది. కాని ద్రావణంలో చాలా భాగం అంచుల నుంచి ఎగిరి పోతుంది. పైగా గోరంత పలకకు పనికివస్తుంది గాని గోడంత పలకను ఎవరు తిప్పగలరు?

ఈ తిప్పుడు పద్ధతిలోనే ఆరడం గురించిన మొదటి పాఠాలు నేర్చుకున్నారు. 2001లో ఆస్ట్రియాలోని లింజ్‌లో షాహీన్, సరిచిఫ్‌చి ప్రభృతులు చేసినది చూడండి. పాలిమరు మార్చలేదు, ఫుల్లరీన్ మార్చలేదు. కరిగించే ద్రావకం మాత్రం మార్చారు. టొలుయీన్ బదులు క్లోరోబెంజీన్ వాడగానే దక్షత 0.9 నుంచి 2.5 శాతానికి పెరిగింది. టొలుయీన్‌లో ఫుల్లరీన్ పెద్ద ముద్దలు కట్టింది. క్లోరోబెంజీన్‌లో మెత్తగా కలిసింది. 2003లో అదే లింజ్‌లో పి3హెచ్‌టి అనే పాలిమరుతో చేసిన ఘటాన్ని వేడి చేసి చూశారు. చేసిన వెంటనే 0.4 శాతమున్న దక్షత వేడి తగిలించాక 2.5 అయింది. వేడితో పాటు విద్యుత్ పీడనం కూడా ఇస్తే 3.5 అయింది. 2005లో లాస్ ఏంజిలిస్‌లో యాంగ్ యాంగ్ బృందం పొరను నెమ్మదిగా ఆరనిచ్చి 4.4 శాతం తెచ్చింది. అదే ఏడు సాంటా బార్బరాలో 150 డిగ్రీల వద్ద అరగంట కాచి 5 శాతం తెచ్చారు. 2007లో అక్కడే మరొక పాలిమరు ద్రావణంలో ఆలస్యంగా ఆవిరయ్యే ఒక సంకలితాన్ని కాస్త కలిపి 2.8ని 5.5 చేశారు.

ఈ అంకెలన్నీ ఏకరువు పెట్టడం పాండిత్యప్రదర్శన కోసం కాదు. వీటిలో చాలా చోట్ల కొత్త పదార్థమేదీ పుట్టలేదు. ఉన్న పదార్థాన్నే వేరే విధంగా ఆరబెట్టారు. మన కుమ్మరి పచ్చికుండను ఎర్రటి ఎండలో పెట్టడు, నీడన నిదానంగా ఆరనిస్తాడు. తొందరపెడితే పగులుతుందని అతనికి తెలుసు. ఘటమనే పేరు ఈ కొత్త వస్తువుకు అతకలేదని పైన అన్నాను. ఇక్కడికి వచ్చేసరికి అతికిందనిపించింది.

కల్లాపి

ఇక పిచికారీ. వాకిట్లో కల్లాపి చల్లే ఇల్లాలిని గమనించినవారికి ఇందులోని కష్టం సగం తెలిసినట్టే. గుప్పిట చాలా దగ్గరగా ఉంటే నీరు ఒకచోటే పడి మడుగు కడుతుంది. దూరంగా, ఎత్తుగా విసిరితే చుక్కలు చెదిరి మధ్యలో పొడి నేల మిగులుతుంది. వాకిలి కాబట్టి ఇంకో గుప్పెడు చల్లి సరిపెట్టుకోవచ్చు. 150 నానోమీటర్ల పొరలో పొడి నేల మిగిలితే పై ఎలక్ట్రోడు కింది ఎలక్ట్రోడును తాకుతుంది, ఘటం చచ్చిపోతుంది.

పిచికారీలో చుక్కకు నాలుగు దశలున్నాయి. మొదటిది పుట్టుక: ఒత్తిడి పెట్టిన వాయువు చేతనో, అతిధ్వని కంపనం చేతనో ద్రావణం సన్నని చుక్కలుగా చీలుతుంది. రెండవది ప్రయాణం: గాలిలో వస్తూనే చుక్క ఆరడం మొదలుపెడుతుంది. దారిలోనే పూర్తిగా ఆరిపోతే పలక మీద పడేది పూత కాదు, పొడి. మూడవది కలయిక: పడిన చుక్కలు వ్యాపించి, పక్క చుక్కలతో కలిసి ఒకే తడి పొర కావాలి. నాలుగవది ఆరడం. ఒంటరి చుక్క ఆరేటప్పుడు అందులోని పదార్థం అంచుకు చేరి వలయం కడుతుంది. బల్లమీద ఒలికిన కాఫీ చుక్క ఆరిన తర్వాత అంచు నల్లగా, నడుమ వెలవెలబోతూ ఉంటుంది కదా, అదే. అంచు దగ్గర తడి త్వరగా ఆవిరవుతూ ఉంటే, ఆ లోటు తీర్చడానికి నడుమనుంచి ద్రవం ప్రవహించి సరుకును అంచుకు చేరుస్తుందని 1997లో షికాగో విశ్వవిద్యాలయంవారు వివరించారు. సౌరఘటంలో ప్రతి చుక్కా ఇలా వలయం కడితే అది పొర కాదు, మశూచి మచ్చలు పడిన ముఖం.

2007లో దక్షిణ కొరియాలోని గ్వాంగ్‌జు శాస్త్రసాంకేతిక సంస్థవారు పిచికారీతో చేసిన పాలిమరు ఘటానికి 2.8 శాతం వచ్చిందని ప్రకటించారు. 2008లో అమెరికాలో కొలరాడో రాష్ట్రపు జాతీయ పునరుత్పాదక శక్తి ప్రయోగశాలవారు చిత్రకారులు రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌నే పనిముట్టుగా తీసుకున్నారు. ప్రత్యేకమైన పెట్టెలు లేకుండా మామూలు గాలిలోనే రకరకాల ద్రావకాలతో చిమ్మి చూశారు. క్లోరోబెంజీన్‌తో పొర ఎక్కువ సమంగా వచ్చింది. 120 డిగ్రీల వద్ద 10 నిమిషాలు కాచినప్పుడు, 150 నానోమీటర్ల మందంలో, 2.35 శాతం వచ్చింది. అప్పటికి తిప్పి చేసినవారు 5 దాటారు. కాని ఆ వ్యాసంలో నన్ను ఆకర్షించినది ఇంకొకటి. సమంగా ఉన్న పొరతో చేసిన ఘటాల మధ్య తేడాలు తగ్గాయి. ఒక ఘటం గొప్పగా పనిచేయడం వేరు, పది ఘటాలూ ఒకే తీరున పనిచేయడం వేరు. ముప్పై ఏళ్ళు తరగతిగదిలో నిలబడినవాడికి ఈ రెండింటి తేడా చెప్పనక్కరలేదు.

2009 నుంచి చిక్కులు ఒక్కొక్కటే విడిపోవడం మొదలైంది. ఒకే ద్రావకానికి బదులు రెండు కలిపారు. 180 డిగ్రీల వద్ద మరిగే డైక్లోరోబెంజీన్ చుక్కను తొందరగా ఆరనివ్వదు. దానికి తోడుపడిన మెసిటిలీన్ ద్రావణపు తలతన్యతను తగ్గించి, చుక్కను పలక మీద బాగా పరుచుకోనిస్తుంది. ఒకటి కాలం ఇచ్చింది, రెండవది స్థలం ఇచ్చింది. గాలి ఒత్తిడితో చిమ్మే ముక్కులకు బదులు అతిధ్వనితో కంపించే ముక్కులు వచ్చి చుక్కలను ఇంచుమించు ఒకే పరిమాణంలో పుట్టించాయి. 2011లో బెల్జియంలోని లూవెన్‌లో వెలుగును పట్టే పొరనే కాక, దాని అడుగున విద్యుదావేశాన్ని మోసే పొరను కూడా పిచికారీతోనే వేశారు. 2013లో ఇంగ్లండులోని షెఫీల్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలవారు స్ఫటికక్రమం మీద అంతగా ఆధారపడని కొత్త తరహా పాలిమరును తీసుకుని, మామూలు గాలిలో అతిధ్వని పిచికారీతో 4.1 శాతం సాధించారు. వారి పిచికారీ ఘటం వారే తిప్పి చేసిన ఘటంతో ఇంచుమించు సరితూగింది. పిచికారీ వల్ల నష్టపోతున్నామన్న మాటకు ఆ రోజు ఒక సమాధానం దొరికింది.

ఇక్కడ ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. క్లోరోబెంజీన్ వంటి ద్రావకాలు ఆరోగ్యానికి హాని చేసేవి. వాటిని పొగమంచులా గాలిలోకి చిమ్మితే చిమ్మేవాడి ఊపిరితిత్తుల మాటేమిటి? పత్తిచేలలో ముక్కుకు గుడ్డ కట్టుకుని మందు పిచికారీ చేసే మనుషులను చూసినవాళ్ళం మనం. చవకైన వెలుగు అని చెప్పి ఇంకొక కూలివాడి చేతికి ఇంకొక విషపు పిచికారీ ఇస్తే అది పురోగతి కాదు. క్లోరిన్ లేని, తక్కువ హానికరమైన ద్రావకాల కోసం పరిశోధకులు చేస్తున్న వెదుకులాటను నేను దక్షత సంఖ్య కంటె తక్కువగా చూడను.

కోణార్క

ఈ చరిత్రలో ఒక పేరు చూసి నా పండితహృదయం ఉప్పొంగింది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, లోవెల్ పట్టణంలో, 2001లో ఒక సంస్థ పుట్టింది. ప్లాస్టిక్ సౌరఘటాలను వార్తాపత్రికల్లా చుట్టలు చుట్టలుగా అచ్చువేయడం దాని సంకల్పం. స్థాపకుల్లో ఆలన్ హీగర్ ఒకరు. ఆ ఆలోచనకు ప్రాణం పోసిన భారతీయ శాస్త్రవేత్త సుకాంత త్రిపాఠీ సంస్థ పుట్టకముందే 2000లో కన్నుమూశారు. సంస్థ పేరు కోణార్క. ఒడిశాలోని సూర్యదేవాలయం పేరే పెట్టుకున్నారు. కోణ, అర్క అనే రెండు మాటలకు సవర్ణదీర్ఘసంధి. అర్కుడంటే సూర్యుడు.

13వ శతాబ్దిలో ఆ ఆలయం కట్టించినవాడు తూర్పు గంగవంశపు నరసింహదేవుడు. ఆ వంశం ఒకప్పటి రాజధాని కళింగనగరాన్ని మా శ్రీకాకుళం జిల్లా ముఖలింగంగా చరిత్రకారులు గుర్తించారు. వంశధార ఒడ్డున మొదలైన వంశం సముద్రతీరంలో సూర్యుడికి రాతిరథం కట్టింది. ఎనిమిది శతాబ్దాల నాటి ఆ పేరును అట్లాంటిక్ తీరంలో ప్లాస్టిక్ పొర మీద వేసుకున్నారు.

పిచికారీ పొరల మీద 2009 నాటి ముఖ్యమైన పరిశోధనలో కోణార్క శాస్త్రవేత్తల చేయి ఉంది. మసాచుసెట్స్‌లోనే న్యూ బెడ్‌ఫర్డ్ పట్టణంలో, ఒకప్పుడు పోలరాయిడ్ ఫోటో సరుకు తయారైన కర్మాగారాన్ని తీసుకుని చుట్టల ఉత్పత్తికి సిద్ధమయ్యారు. కాని కాలం కలిసిరాలేదు. ఆ ఏళ్ళలోనే సిలికాన్ పలకల ధరలు కుప్పకూలాయి. చవకదనమే తన ప్రధానగుణమని చెప్పుకున్న వస్తువుకు, ప్రత్యర్థి తనకంటె చవకైతే చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది? పైగా ప్లాస్టిక్ ఘటాలు గాలి, తేమ, వెలుగుల వల్ల త్వరగా క్షీణిస్తాయి. సిలికాన్ పలక పాతికేళ్ళు నిలుస్తుంది. 2012లో కోణార్క సంస్థ దివాలా ప్రకటించింది. సుమారు 80 మంది పని పోగొట్టుకున్నారు.

ఒడ్డునున్న ఆలయం శిథిలమైనా రథచక్రాలు మిగిలాయి. ఈ కోణార్క నుంచి మిగిలినది ఏమిటని ఆలోచించాను. మా శిష్యుడి ప్రశ్న కూడా సరిగ్గా అదే.

శిష్యుడికి సమాధానం

నాయనా, నీ మాటలో నిజం ఉంది. మనవాళ్ళ కప్పుల మీద ఉన్నది సిలికానే. పాలిమరు పిచికారీ ఘటం మన గోడల మీదికి రాలేదు. చిన్న ముక్కలో వచ్చిన దక్షత పెద్ద పలకలో తగ్గుతుంది. పారదర్శకమైన ఎలక్ట్రోడులో విద్యుత్తు ఎక్కువ దూరం పోవలసివచ్చి నష్టపోతుంది. వీటిని దాచి నీకు ధైర్యం చెప్పడం నాకు చేతకాదు.

అయితే నీవు చెప్పిన లెక్కలో ఒక దోషం ఉంది. నీ 9ని పక్కవాడి 13తో, పై కప్పు మీది 20తో పోల్చావు గాని, ఆ 9 ఎక్కడ నుంచి బయలుదేరిందో చూడలేదు. 2008లో అది 2.35. 2019లో చైనా పరిశోధకులు ఫుల్లరీన్ బంతిని పక్కకు పెట్టి, వై6 అనే కొత్త అణువుతో 15.7 శాతం ప్రకటించారు. 2020లో 18 దాటారు. ఆ తర్వాత ప్రయోగశాలల్లో 20 శాతానికి చేరువయ్యారు. అవి ఎక్కువగా చిన్న ముక్కలు, తిప్పి చేసినవి. వాటిని గోరంత పలక నుంచి గోడంత పలకకు తీసుకువెళ్ళే దారి తిప్పడం కాదు. పూయడమో, అచ్చువేయడమో, చిమ్మడమో కావాలి. 13కు, 9కి మధ్య ఉన్న ఆ నాలుగు శాతమే దాటవలసిన వాగు. నీవు నిలబడినది ఆ వాగు ఒడ్డున.

ఇంకొక సంగతి. పాలిమరును చిమ్మడం నేర్చుకున్న షెఫీల్డ్ బృందమే 2014లో ఆ ముక్కుతోనే పెరోవ్‌స్కైట్ అనే వేరొక పదార్థాన్ని చిమ్మి 11 శాతం తెచ్చింది. చుక్క ఎలా పుడుతుంది, ఎలా కలుస్తుంది, ఎలా ఆరుతుంది అన్న విద్య ఒక పదార్థానికి కట్టుబడి ఉండదు. పదార్థం ఓడినా విద్య ఓడలేదు. కోణార్క నుంచి మిగిలిన చక్రం అదేనని నా అభిప్రాయం.

నేను ఉద్యోగంలో ఉండగా ఏటా మొదటి బెంచీ పిల్లవాడి మార్కులే అందరూ అడిగేవారు. చివరి బెంచీలో 18 నుంచి 40కి వచ్చినవాడి సంగతి ఎవరూ అడగలేదు. ఆ 22 మార్కుల వెనక ఎంత పని ఉందో నాకూ ఆ పిల్లవాడికీ మాత్రమే తెలుసు. ఉండడమా మానడమా అన్నది నీవు తేల్చుకోవలసిన విషయం. నీకు సంసారం ఉంది, అప్పులున్నాయి, అవి నాకు తెలుసు. మానినా తప్పుపట్టను. కాని "ఎందుకిది" అన్న ప్రశ్నకు సమాధానం లేదని అనుకుని మాత్రం మానకు.

ఇదంతా ఫోనులో అతనికి చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ద్వంద్వసమాసం సంగతి మా ప్రొఫెసరుకు ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నానండి మాస్టారూ" అన్నాడు. ఇంకా ఏమీ తేల్చుకోలేదట. వచ్చే వారం ద్రావకం మార్చి చూస్తాడట.

మిత్రులారా, నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను. ఇందులో దోషాలుంటే విజ్ఞులు సవరించగలరు. చివరగా ఒక విన్నపం. ద్రావణం ఆరేటప్పుడు రెండు పదార్థాలు తమంతట తాము ఏర్పరచుకునే ఆ రూపానికి నేను "అల్లిక" అన్నాను. ఇంతకంటె మంచి తెలుగు మాట మీకు తడితే తెలియజేయండి. మా వాడికి పంపుతాను.